గోదావరి డెల్టాలో కాగితంపూల బోన్సాయ్: మోడు నుంచి పూత దాకా

ఫ్లవరింగ్ క్విన్స్ అనే పూలమొక్కను బోన్సాయ్‌గా, అంటే కుండీలో పొట్టి చెట్టుగా, పెంచడం ఎలాగని చాలామంది అడుగుతున్నారు. ఆకు లేని కొమ్మ నిండా ఎర్రటి పూలున్న జపాన్ ఫొటోలు చూశాక ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ అది చలిదేశపు మొక్క. శీతాకాలమంతా గట్టి చలిలో నిద్రపోయి లేస్తేనే మొగ్గ తొడుగుతుంది. సంక్రాంతికి కూడా ఒక్క దుప్పటితో గడిచిపోయే మన ఊళ్లలో ఆ చలి దొరకదు. మొక్క బతికినా పూత కోసం ఎదురుచూపే మిగులుతుంది.

అదే పని మన ఎండలో, మన వానలో చేసి చూపించే మొక్క కాగితంపూల చెట్టు, అంటే బోగన్‌విలియా. బోదె లావెక్కుతుంది, మోడు చేసినా చిగురిస్తుంది, ఏడాదిలో నెలల తరబడి రంగు నిలుపుతుంది. ఈ మార్గదర్శి దాని గురించే.

## 1. కత్తెర పట్టే ముందు: పువ్వు ఎక్కడ వస్తుంది?

క్విన్స్ ముదురు కొమ్మ మీద పూస్తుంది. కాగితంపూలు కొత్త చిగురు మీద పూస్తాయి. క్విన్స్ కోసం రాసిన కత్తిరింపు పద్ధతులు చదివి వీటి మీద ప్రయోగిస్తే లెక్క తప్పేది ఇక్కడే. కొత్త రెమ్మ రావాలంటే కత్తిరించాలి. ఆ రెమ్మ మీద పువ్వు రావాలంటే సరైన సమయంలో కత్తిరింపు ఆపాలి. మిగతా పనంతా ఈ రెండింటి మధ్యే నడుస్తుంది.

రంగురంగులుగా కనిపించేవి నిజానికి రేకులు కావు, రంగు మారిన ఆకులు. మధ్యలో సన్నటి గొట్టంలా ఉండే చిన్న తెల్లటిదే అసలు పువ్వు. రంగు వారాల తరబడి నిలిచేది అందుకే.

ఇంకొకటి గుర్తుంచుకోండి. ఆకు మొదట్లో పూగుత్తి వచ్చే చోటే ముల్లు కూడా వస్తుంది. నీళ్లు, నత్రజని ఎక్కువైన మొక్క ముళ్లు, ఆకులు వేస్తూ పోతుంది. కాస్త బిగబట్టి పెంచిన మొక్క పూస్తుంది. మీ మొక్కకు ముళ్లు బారుగా సాగుతూ పూలు రాకపోతే అది బలహీనపడి కాదు, తిండి ఎక్కువై.

## 2. మొక్కను ఎంచుకోవడం

మూడు దారులున్నాయి.

కడియం నర్సరీలు. కడియం, కడియపులంక వైపు వెళ్తే రంగులు చూసి మనసు చెదురుతుంది. రంగు చివర్లో చూడండి, ముందు మొదలు చూడండి. కవరులో పైమట్టిని వేలితో రెండంగుళాలు పక్కకు తీసి, బోదె కింద వెడల్పవుతోందా, వేర్లు చుట్టూ పరుచుకున్నాయా అని గమనించండి. నాలుగు రంగులు అంటుకట్టిన మొక్కలు బోన్సాయ్‌కి వద్దు. అంటు దగ్గర బొడిపె జీవితాంతం కనిపిస్తుంది, ఒక రంగు మిగతావాటిని మింగేస్తుంది.

పీకేస్తున్న పాత మొక్క. ఇల్లు కట్టేటప్పుడో, ప్రహరీ మార్చేటప్పుడో పాతికేళ్ల కాగితంపూల మొదళ్లు తవ్వి పారేస్తుంటారు. అడిగితే ఇస్తారు. మణికట్టు లావు బోదె నర్సరీలో కొనాలంటే ఖరీదు, కుండీలో పెంచాలంటే ఏళ్లు పడుతుంది. నా దృష్టిలో అన్నిటికన్నా మంచి దారి ఇదే.

కొమ్మ నాటడం. బొటనవేలు లావు నుంచి మణికట్టు లావు వరకు ముదురు కొమ్మలు అడుగు పొడవున తీసుకోండి. కింది చివర ఏటవాలుగా కోసి, వేళ్లు పుట్టించే పొడి అద్ది, ముతక ఇసుకలో మూడో వంతు దిగేలా గుచ్చండి. ఆషాఢం, శ్రావణం దీనికి తగిన కాలం. చిగుర్లు రాగానే వేరు పట్టిందనుకోకండి. కొమ్మలో దాచుకున్న తిండితోనే మొదటి ఆకులు వస్తాయి. రెండు నెలలదాకా కదపకండి.

రకాల విషయానికొస్తే, నున్నటి చిన్న ఆకులు, పొట్టి ముళ్లు ఉన్న గ్లాబ్రా జాతి బోన్సాయ్‌కి బాగా కుదురుతుంది. స్పెక్టాబిలిస్ ఆకులు పెద్దవి, నూగుతో ఉంటాయి, చిన్న కుండీలో మోటుగా కనిపిస్తాయి. ఒకే చెట్టు మీద తెలుపు, గులాబీ రెండూ పూసే మేరీ పామర్ అందంగానే ఉంటుంది. ముద్ద రకాలు మాత్రం ఎండిన పూలను రాల్చుకోవు. వాటిని చేత్తో ఏరే ఓపిక ఉంటేనే తీసుకోండి.

## 3. మట్టి: డెల్టాలో సగం ఓటమి ఇక్కడే

మన ఒండ్రుమట్టి వరికి అమృతం, బోన్సాయ్ కుండీకి విషం. తడిస్తే జిగురు, ఎండితే ఇటుక. నేను మొదట పెంచిన మొక్కను కాలవగట్టు మట్టిలోనే పెట్టాను. వర్షాకాలం సగానికి ఆకులు వాలిపోతే నీళ్లు చాలలేదనుకుని ఇంకా పోశాను. కుండీ బోర్లించి చూసేసరికి వేర్లు నల్లబడి, వేలితో నొక్కితే తొక్క ఊడి వచ్చింది.

ఇప్పుడు నేను కలిపే పాళ్లు ఇవి:

- బాగా కాలిన ఇటుక రవ్వ: 4 పాళ్లు. వడ్లగింజ నుంచి శనగగింజ సైజు మధ్య ఉండాలి.
- గోదావరి ముతక ఇసుక, సన్న గులకలతో: 3 పాళ్లు
- మాగిన పశువుల ఎరువు లేదా వర్మికంపోస్టు: 2 పాళ్లు
- కడిగిన కొబ్బరి పొట్టు: 1 పాలు
- పది అంగుళాల కుండీకి గుప్పెడు వేపపిండి

ఇటుక రవ్వను రెండు జల్లెళ్లలో పట్టండి. పెద్దది పైన ఆగిపోవాలి, పిండి కింద రాలిపోవాలి, మధ్యది మనకు కావాలి. ఆ పిండిని ఎంత మాత్రం కలపవద్దు, అది అడుక్కి దిగి కన్నాలు మూసేస్తుంది. సరిగా కాలని ఇటుక రెండు వానలకే బురదవుతుంది. ఒక ముక్కను రాత్రంతా నీళ్లలో నానబెట్టి నలిపి చూడండి, నలిగితే వదిలేయండి.

కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది. మూడుసార్లు నీళ్లు మార్చి పిండాలి. సముద్రపు ఇసుక, రొయ్యల చెరువు అడుగు మట్టి మాత్రం కుండీ దరిదాపులకు రానివ్వకండి. ఆ మట్టి నల్లగా, సారవంతంగా కనిపించి మోసం చేస్తుంది, ఉప్పుకు వేళ్ల కొనలు మాడిపోతాయి.

పరీక్ష: కలిపిన మట్టిని కన్నాలున్న కుండీలో నింపి చెంబెడు నీళ్లు పోయండి. పది లెక్కపెట్టేలోగా కింద నుంచి ధార రావాలి. పైన మడుగు కడితే మళ్లీ జల్లెడ పట్టాల్సిందే.

## 4. దగ్గర పెట్టుకోవలసినవి

- పదునైన కత్తిరింపు కత్తెర, చిన్న మడత రంపం
- తోలు చేతి తొడుగులు (ముల్లు గుచ్చుకుంటే రెండు రోజులు సలుపుతుంది)
- 1.5, 2, 3 మిల్లీమీటర్ల అల్యూమినియం తీగ
- కుండీ కన్నాలకు నైలాన్ వల ముక్కలు
- బోర్డో పేస్టు (కోతలు కుళ్లకుండా పూసే మందు), పాత బ్రష్షు
- చాప్‌స్టిక్‌లా చెక్కిన వెదురు పుల్ల

బోర్డో పేస్టును కొబ్బరి, కోకో రైతులు ఇంట్లోనే కలుపుకుంటారు. మైలుతుత్తం 1 పాలు, సున్నం 1 పాలు, నీళ్లు 10 పాళ్లు. తుత్తాన్ని సగం నీళ్లలో, సున్నాన్ని మిగతా సగంలో విడిగా, ప్లాస్టిక్ లేదా మట్టి పాత్రల్లో కరిగించి తర్వాత కలపాలి. ఇనుప పాత్ర వాడకండి. ఏ రోజుది ఆ రోజే వాడాలి.

## 5. మోడు చేయడం, వేర్లు కత్తిరించడం, కుండీ మార్చడం

ఎప్పుడు: మృగశిర కార్తె దాటి రెండు మంచి వానలు పడ్డాక, జులై ఆఖరులోపు. రోహిణి ఎండల్లో వేరు ముడితే మొక్క తట్టుకోలేదు. దసరా దాటాక చేస్తే ఆ ఏడు పూత పోయినట్టే.

వరుస తప్పకండి.

ఒకటి. ముందురోజు మొక్కకు బాగా నీళ్లు పోయండి. తడిసిన మట్టి వేరును వదులుతుంది, ఎండిన గడ్డ వేరును తెంపుతుంది. ఈ మొక్క వేర్లు బోదె దగ్గర పెళుసు. బోదె పట్టుకుని లాగారా, చిటుక్కున ఊడి వస్తాయి. కవరును కోసి తీయండి.

రెండు. ముందు పైభాగం కత్తిరించండి. ఎత్తు నిర్ణయించడానికి సులువైన కొలత ఉంది. పూర్తయిన చెట్టు ఎత్తు మొదలు మందానికి ఆరు రెట్లు ఉంటే కంటికి ఇంపుగా ఉంటుంది. మూడంగుళాల మొదలైతే పద్దెనిమిది అంగుళాలు. చిగుర్లు పెరగడానికి చోటు కావాలి కాబట్టి మోడును దానికన్నా బాగా కిందకు, సగం ఎత్తుకు కోయండి.

మూడు. మీకు కావలసిన ఆఖరి కణుపు మీద కనీసం అంగుళం వదిలి కోయండి. కాగితంపూల కొమ్మ కోసిన చోటు నుంచి కిందకు కొంత ఎండుతుంది. కణుపుకు ఆనించి కోస్తే ఆ ఎండు కణుపును కూడా తినేస్తుంది. మిగిలిన ముక్కను వచ్చే ఏడాది, చిగురు గట్టిపడ్డాక తీసేయవచ్చు.

నాలుగు. కోత మీద వెంటనే బోర్డో పేస్టు పూయండి. ఈ కలప మెత్తన. గాయంలో వాననీళ్లు నిలిస్తే లోపలికి కుళ్లుతుంది, పెద్ద కోత పూడటానికి ఏళ్లు పడుతుంది. పెద్ద కోత వాలుగా, చెట్టు వెనక వైపు ఉండేలా చూసుకోండి.

అయిదు. పుల్లతో వేర్ల మధ్య మట్టిని అంచు నుంచి లోపలికి రాల్చండి. నర్సరీ ఎర్రమట్టి గడ్డ మొత్తాన్ని ఒకేసారి కడిగేయకండి. ఈ ఏడు సగం, మరుసటి కుండీ మార్పుకు మిగతా సగం.

ఆరు. కిందకు దిగే లావు వేర్లను రంపంతో కోసి, పక్కలకు పాకే పీచువేర్లను ఉంచండి. మొత్తం వేర్లలో మూడో వంతు తీస్తే చాలు. తవ్వి తెచ్చిన పాత మొదలైతే సగందాకా పోవచ్చు, కానీ పైన కూడా ఆ మేరకు మోడు చేసి ఉండాలి. నలిగిన వేరు కొసలను పదునుగా మళ్లీ కోయండి.

ఏడు. మొదటి రెండేళ్లు పల్చటి బోన్సాయ్ పళ్లెం వద్దు. ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతున్న మట్టికుండీ వాడండి. కన్నాలకు వల, దాని మీద గులకరాళ్ల పొర, ఆపైన మన మట్టి.

ఎనిమిది. మొక్కను కుండీకి కట్టేయండి. కన్నాల గుండా తీగ పైకి తెచ్చి, వేరుగడ్డ మీదుగా బిగించాలి. డెల్టా గాలికి మొక్క ఊగితే కొత్తగా పుట్టే సన్నవేర్లు రోజూ తెగుతాయి. చాలామంది మానేసే మెట్టు ఇదే.

తొమ్మిది. పుల్లతో మట్టిని వేర్ల మధ్యకు గుచ్చి నింపండి. చేత్తో అదమవద్దు. కింద నుంచి తేటనీళ్లు వచ్చేదాకా పోయండి.

## 6. మొదటి నలభై రోజులు

- వాన నేరుగా పడని చోట, వెలుతురున్న వసారాలో ఉంచండి.
- పైమట్టి ఆరితేనే నీళ్లు. ఆకులు లేని మొక్క తాగేది తక్కువ.
- ఎరువు అసలు వద్దు.
- మొదటి చిగుర్లు వేలెడు పొడవయ్యాక రోజుకో గంట ఎండ పెంచుతూ పోయి, ఆఖరికి పూర్తి ఎండలో పెట్టండి.

చిగుర్లన్నీ ఉంచండి. ఏది పనికొస్తుందో ఇప్పుడే తేల్చకండి.

## 7. కొమ్మల కత్తిరింపు

చిగుర్లు జానెడు పొడవయ్యాక కొమ్మలను ఎంచుకునే పని మొదలవుతుంది. మొదటి కొమ్మ చెట్టు ఎత్తులో మూడో వంతు దగ్గర, ఒక పక్కకు. రెండోది కాస్త పైన, అవతలి పక్కకు. మూడోది వెనక్కి, లోతు కోసం. మీ ముఖంలోకి నేరుగా దూసుకొచ్చేది, బోదె లోపలి వంపులో పుట్టినది, ఒకే ఎత్తులో బండిచక్రం పుల్లల్లా చుట్టూ వచ్చినవి తీసేయాలి.

ఎంచుకున్న కొమ్మను వెంటనే ముట్టుకోకండి. కొమ్మ లావు కావాలంటే దాన్ని పొడవుగా వదిలేయాలి. కింది కొమ్మను మూడు అడుగులు సాగనివ్వండి, బోదెలో మూడో వంతు మందం వచ్చాక రెండు కణుపులకు కోసేయండి. పైకొమ్మలు వాటంతటవే బలపడతాయి కాబట్టి వాటిని మాత్రం తరచూ కత్తిరించాలి. ఈ తేడా పాటించకపోతే పైన గొడుగు, కింద పుల్లలుగా మిగులుతుంది.

ఆ తర్వాత ప్రతి రెమ్మకూ ఒకటే సూత్రం. ఆరు నుంచి ఎనిమిది ఆకులు వేయనిచ్చి, రెండు ఆకులకు కత్తిరించండి. ఆఖరున మిగిలిన ఆకు ఎటు చూస్తోందో కొత్త రెమ్మ అటే పోతుంది. కాబట్టి కత్తెర వేసే ముందు ఆకు దిక్కు చూడండి. బయటికి, పక్కకు చూసే ఆకు మీద కోయాలి. లోపలికి చూసే ఆకు మీద కోస్తే కొమ్మలు ఒకదానికొకటి అడ్డం తిరుగుతాయి.

మృగశిర నుంచి దసరా దాకా ఇలా మూడు నాలుగు విడతలు వస్తాయి. ప్రతి విడతకూ ఒక్కో రెమ్మ రెండవుతుంది.

ఆఖరి కత్తిరింపు దసరాకు. అప్పుడు ఆకారమంతా మీరు కోరుకున్న గీతకు ఒక అంగుళం లోపలికి సరిచేసి, కత్తెర దాచేయండి. పగటివేళ తగ్గుతున్న కొద్దీ ఈ మొక్క పూతకు తిరుగుతుంది. దసరా తర్వాత వచ్చే చిగురు కొసలే సంక్రాంతి ముంగిట రంగు ఇస్తాయి. దీపావళికి, కార్తీకానికి ఒక్కో రెమ్మ ఆకారం దాటి సాగుతుంటే చేతులు దురద పెడతాయి. దాన్ని కోస్తే పువ్వును కోసినట్టే.

## 8. తీగ చుట్టడం

ముదిరిన కొమ్మ వంచితే విరుగుతుంది. లేత చిగురు చిట్లుతుంది. పచ్చదనం తగ్గి గోధుమరంగు తిరుగుతున్న, పెన్సిల్ మందం రెమ్మలే దీనికి తగినవి. ఒకరోజు నీళ్లు ఆపి, మర్నాడు సాయంత్రం చుట్టండి. కాస్త వడిలిన కొమ్మ వంగుతుంది.

తీగ మందం కొమ్మ మందంలో మూడో వంతు ఉండాలి. ముళ్లను ముందే కత్తిరించుకోండి. ఏటవాలుగా, మెట్టు మెట్టుకూ సమదూరంగా చుట్టండి. వంచేటప్పుడు రెండు బొటనవేళ్లూ వంపు లోపల ఆనించండి.

వర్షాకాలంలో కొమ్మలు ఎంత వేగంగా లావెక్కుతాయంటే, మూడు నాలుగు వారాల్లో తీగ బెరడులోకి దిగుతుంది. ప్రతి ఆదివారం చూడండి. తీసేటప్పుడు విప్పకండి, ముక్కలుగా కత్తిరించండి.

## 9. నీళ్లు, పూత

వేసవిలో మేడ మీది కుండీకి ఉదయం, సాయంత్రం రెండుపూటలా నీళ్లు కావాలి. వానాకాలంలో వేలు పెట్టి చూసి పోయాలి.

నవంబరు వానలు వెనకపట్టాక పూత కోసం నీళ్లు బిగించాలి. ఆకులు కాస్త వాలేదాకా ఆగి, అప్పుడు నిండా పోయండి. మళ్లీ వాలేదాకా ఆగండి. ఇలా మూడు నాలుగు విడతలు. ఆకులు ముడుచుకుని గలగలలాడేదాకా ఎండబెట్టకండి, పల్చటి కుండీలో ఒక్క మధ్యాహ్నం ఆలస్యమైనా కొమ్మలు పోతాయి. రెమ్మల చివర గోరంత మొగ్గలు కనిపించిన రోజు నుంచి మామూలుగా నీళ్లు ఇవ్వండి. అప్పుడు కూడా ఎండబెడితే మొగ్గలు రాలతాయి.

పూర్తి ఎండ కనీసం ఆరు గంటలు పడాలి. కొబ్బరిచెట్ల నీడలో మొక్క పచ్చగా ఉంటుందేగాని పూయదు.

తీరం దగ్గర బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఇంట్లో నీళ్ల ఫిల్టరు నుంచి బయటికి వదిలేసే నీళ్లలో ఉప్పు ఇంకా ఎక్కువ, వాటిని కుండీకి మళ్లించకండి. కుండీ అంచున తెల్లటి పొర కడుతుంటే ఉప్పు పేరుకుంటున్నట్టే. వాననీళ్లు పట్టి ఉంచుకుని పదిహేను రోజులకోసారి కుండీ పరిమాణానికి రెండింతలు పోసి కడగండి. కాలువలకు నీళ్లు ఆపేసే వేసవి నెలల్లో ఇది మరీ ముఖ్యం.

## 10. ఎరువు

చిగుర్లు పెరిగే జులై నుంచి సెప్టెంబరు దాకా నెలకోసారి గుప్పెడు వర్మికంపోస్టు, చెంచాడు వేపపిండి. యూరియా జోలికి పోకండి. దసరా కత్తిరింపు అయ్యాక లీటరు నీటికి 2 గ్రాముల సల్ఫేట్ ఆఫ్ పొటాష్ కలిపి, పదిహేను రోజుల తేడాతో రెండుసార్లు తడిమట్టిలో పోయండి.

## 11. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు

- పిట్టగోడ మీది కుండీలన్నీ నేలకు దించండి.
- గోడ మూలకు చేర్చి, ఒకదానికొకటి ఆనించి తాడుతో కట్టండి.
- ప్రతి కుండీ కింద ఒకవైపు ఇటుకముక్క పెట్టి వాలుగా ఉంచండి, నీళ్లు ఒక మూలకు జారిపోతాయి.
- కింద పళ్లేలుంటే తీసేయండి.
- వాన వెలిశాక కన్నాల్లో పుల్ల పెట్టి చూడండి, మూసుకుపోయి ఉంటాయి.
- ఉప్పుగాలి వీచి ఉంటే ఆకులను మంచినీళ్లతో కడగండి.

## 12. తరచూ వచ్చే చిక్కులు, సవరణలు

మట్టి తడిగా ఉన్నా ఆకులు వాలిపోతున్నాయి. వేరు కుళ్లు. కుండీ నుంచి తీసి, నల్లబడిన వేర్లు తెల్లటి భాగం కనిపించేదాకా కోసి, కొత్త ఇటుకరవ్వ మట్టిలో పెట్టి నీడకు చేర్చండి. పైన సగం కొమ్మలు తగ్గించండి.

ఆకులు బాగున్నాయి, పూలు లేవు. ఎండ చాలదు, లేదా నత్రజని ఎక్కువైంది, లేదా దసరా తర్వాత కత్తెర ఆగలేదు.

లేత ఆకులు పసుపు, ఈనెలు పచ్చన. ఇనుము అందడం లేదు. ఎక్కువసార్లు ఉప్పునీరే కారణం. ముందు వాననీళ్లతో కడగండి, ఆ తర్వాతే కీలేటెడ్ ఇనుము (మొక్క సులువుగా పీల్చుకునే రూపంలోని ఇనుము) పిచికారీ.

తెల్లటి దూదిలాంటి పిండినల్లి. కొద్దిగా ఉంటే బ్రష్షుతో సబ్బునీళ్లు రాయండి. ఎక్కువైతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బుద్రావణం కలిపి సాయంత్రం కొట్టండి, వారానికోసారి, మూడు వారాలు. కుండీ ఎక్కే చీమలను కూడా ఆపాలి. పిండినల్లిని మోసుకొచ్చేది అవే.

ఆకు అంచులు కొరికినట్టు ఉన్నాయి, పురుగు కనిపించదు. రాత్రి టార్చి వేసి చూడండి. రెమ్మ రంగులోనే ఉండే సన్నటి గొంగళి దొరుకుతుంది. చేత్తో ఏరేస్తే సరి.

ఒక కొమ్మ హఠాత్తుగా ఎండింది. గోరుతో గీరి, పచ్చదనం కనిపించే చోట కోసి బోర్డో పేస్టు పూయండి. ఆ ఎండు కొమ్మను జపాన్ చెట్ల మీద చూసినట్టు తెల్లటి మోడుగా అలంకారానికి ఉంచాలని చూడకండి. ఈ కలప మన తేమకు ఒకటి రెండు వానాకాలాల్లో పుచ్చిపోతుంది.

మార్చి, ఏప్రిల్ దాకా పూత విడతలుగా వస్తుంది. రంగు వెలిసిన గుత్తులను కిందనున్న రెండు ఆకులతో కలిపి తుంచేయండి. మేలో ఏ పనీ పెట్టుకోకుండా నీళ్లు మాత్రం పోస్తూ, మధ్యాహ్నం ఎండకు కుండీకి గోనెపట్టా చుట్టండి. మూడో ఏడు మృగశిర దాటాక కుండీ బోర్లించి చూడండి. వేర్లు గోడ చుట్టూ వలలా అల్లుకుని ఉంటే, మొదలు మందమంత లోతున్న బోన్సాయ్ పళ్లెంలోకి మార్చే సమయం వచ్చింది. ఇంకా మట్టే ఎక్కువగా కనిపిస్తే, అదే కుండీలో మరో ఏడు ఉంచండి.